ఇంటి దగ్గర కర్రీ పాయింట్లు, బండ్లు ఉంటే నిజంగా మన ఆరోగ్యం మారుతుందా?

మారుతుందండీ, మా ఇంట్లోనే చూశాను. "తినేవాళ్ళకి కంట్రోల్ ఉంటే చాలు కదా, పక్కన ఏ బండి ఉంటే ఏంటి" అని అడిగారు మీరు, నేను కూడా చాన్నాళ్ళు అలాగే అనుకున్నా.

మేము కూకట్‌పల్లిలో పదకొండేళ్ళుగా ఉంటున్నాం. వచ్చిన కొత్తలో మా సందు మొదట్లో ఒక కిరాణా కొట్టు, పొద్దున్నే ఆకుకూరల బండి, అంతే. తర్వాత హాస్టళ్ళు వచ్చాయి, వాటి వెనకే మూడు కర్రీ పాయింట్లు, మిర్చి బండి, ఫ్రైడ్ రైస్ బండి. నేను ఆఫీస్ నుంచి ఏడున్నరకి వచ్చి కుక్కర్‌లో బియ్యం పడేసి ఒక పప్పు, రెండు కూరల ప్యాకెట్లు తెచ్చేసుకునేదాన్ని, సందులో సగం ఇళ్ళు అంతే, ఇంక బేరం లేక ఆకుకూరలావిడ రావడం మానేసింది. ఆ తర్వాత వండుకుందామన్నా తోటకూర కట్ట కోసం రైతు బజార్ దాకా పోవాలి. 1999లో మొదలైన ఆ బజార్లు నిజంగా మంచివి, కానీ అలిసిపోయి వచ్చినోళ్ళకి బస్సు దిగిన దగ్గర్నుంచి ఇంటి గుమ్మం దాకా మధ్యలో ఏముంటే అదే కూర.

ఒకరోజు మిగిలిన వంకాయ కూర స్టీల్ గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టా. పొద్దున్న చూస్తే పైన నారింజ రంగులో మందంగా అట్ట కట్టేసింది, పామాయిల్ చల్లగా ఉంటే అలా గడ్డకడుతుంది. తీస్తే నాలుగు స్పూన్లు వచ్చింది, అదీ మిగిలిన కూరలో! అప్పటికే మా ఆయనకి బీపీ మాత్రలు మొదలయ్యాయి. రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంది, అంటే ఒక టీస్పూన్, ఎంత తింటున్నారని డాక్టర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు, కూర నేను వండితే కదా తెలిసేది.

కర్రీ పాయింట్ అన్నని అడిగా, నూనె తగ్గించొచ్చు కదా అని. "నూనె పైకి తేలకపోతే నిన్నటి కూర అనుకుంటారమ్మా, ఎవరూ కొనరు" అన్నాడు. తప్పంతా అతనిదే అనలేను, మేం అందరం కలిసి అతనికి నేర్పించిందే అది.

రెండేళ్ళ కింద ఒకావిడ సందు చివర జొన్న రొట్టెల పొయ్యి పెట్టింది. చేత్తో తట్టి పెనం మీద వేసి, తడిగుడ్డతో అద్ది, కళ్ళ ముందే కాలుస్తుంది. మా అత్తగారికి షుగర్, రాత్రి అన్నం మానమని డాక్టర్ నాలుగేళ్ళు చెప్పినా మానలేదు, రొట్టె ఇంటి ముందుకొచ్చాక వారంలో అలవాటైపోయింది, ఇప్పుడు రెండు రొట్టెలు, ఇంట్లో చేసిన పప్పు. మూడు నెలల సగటు చెప్పే షుగర్ టెస్ట్ (HbA1c) 9 దగ్గర్నుంచి 7.6కి దిగింది. మాత్రలు వాడుతూనే ఉన్నారు, మొత్తం రొట్టె వల్లే అనను, కానీ అంతకు ముందు అవే మాత్రలతో దిగలేదు.

పిల్లల విషయంలోనే నాకు దారి దొరకట్లేదు. మావాడు ట్యూషన్ అయ్యేది ఎనిమిదిన్నరకి, అక్కడ గేటు ఎదురుగా ఫ్రైడ్ రైస్ బండి, పక్కన మంచూరియా బండి, ఇంకేం లేవు. డబ్బాలో శనగలు ఉడకబెట్టి పంపిస్తున్నా, సగం రోజులు అలాగే తిరిగొస్తున్నాయి.