కేబుల్ మీరే చేసుకోండి, యాప్ మాత్రం వాట్సాప్‌లో తీసుకోకండి

ప్రశ్న: జడ్చర్లలో బైకుల షెడ్డు నడుపుతున్నాను. బీఎస్‌6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్ల ఆరు పిన్నుల కనెక్టర్‌కు పదహారు పిన్నుల సాకెట్ కలిపి సొంతంగా కేబుల్ చేసుకుని, దానికి ఇంజిన్ లోపాల కోడ్లు చదివే బ్లూటూత్ స్కానర్ తగిలించాను. మెకానిక్‌ల వాట్సాప్ గ్రూపులో వచ్చిన ‘ఫుల్ వెర్షన్’ యాప్ ప్లే ప్రొటెక్ట్‌ను (హానికర యాప్‌లను పట్టే గూగుల్ రక్షణను) ఆపమంటోంది, మెసేజ్‌లు చదివే అనుమతి కూడా అడుగుతోంది. వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోకండి. మిర్యాలగూడ నుంచీ వనపర్తి నుంచీ ఇదే సందేహం పదే పదే వస్తోంది కాబట్టి కొంత వివరంగా చెబుతాను.

ముందు కేబుల్ సంగతి. మీ పనితనం మెచ్చుకోదగ్గదే, అయితే కంపెనీ కంపెనీకి వైరింగ్ మారవచ్చు కనుక ఆ బండి డయాగ్రం చూడకుండా తీగలు కలపకండి. పదహారు పిన్నుల సాకెట్‌లో 16 బ్యాటరీ ప్లస్, 4, 5 ఎర్త్, 7 కె-లైన్, 6, 14 క్యాన్ తీగలు (కె-లైన్, క్యాన్ రెండూ బండి కంప్యూటర్‌తో సమాచారం పంచుకునే తీగలే). తాళం ఆన్ చేసి మల్టీమీటర్ పెడితే కె-లైన్ మీద దాదాపు బ్యాటరీ వోల్టేజీ కనిపించడం మామూలే గానీ, 6, 14 పిన్నుల్లో సుమారు 2.5 వోల్టులకు బదులు 12 చూపిస్తే తీగలు తారుమారైనట్టే. ప్లస్ తీగకు చిన్న ఫ్యూజు తప్పనిసరిగా పెట్టండి.

నన్ను కలవరపెడుతున్నది యాప్. ఇంజిన్ కోడ్లు చదివే యాప్‌కు బ్లూటూత్ చాలు. ఆండ్రాయిడ్ 12 నుంచి అందుకోసం ‘నియర్‌బై డివైసెస్’ అనుమతి అడుగుతుంది, అంతకు ముందు వెర్షన్లలో లొకేషన్ అడుగుతుంది, అంతవరకు సబబే. మెసేజ్‌లతో దానికేం పని? మెసేజ్‌లు చదవగలిగే యాప్ బ్యాంకు ఓటీపీని కూడా చదువుతుంది. యాక్సెసిబిలిటీ అనుమతి (వికలాంగులకు ఫోన్ వాడకంలో సాయపడేందుకు ఉద్దేశించినది) కూడా ఇచ్చారంటే తెర మీద ఉన్నదంతా చూడగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. షెడ్డు గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ మీద కస్టమర్లు వేసే డబ్బు చేరే ఖాతా కూడా చాలామందికి ఆ ఫోన్‌లోనే ఉంటుంది. పక్క షెడ్డులో నెల రోజులుగా బాగానే నడుస్తోందన్నది భరోసా కాదు, ఇలాంటి యాప్‌లు అదను కోసం ఎన్నాళ్లయినా ఆగగలవు.

పాత ఫోన్ ఒకటి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ లేకుండా, బ్యాంకు యాప్‌లేవీ లేకుండా ఈ పనికే కేటాయించండి. యాప్ ప్లే స్టోర్ నుంచే తీసుకోండి. చవక స్కానర్లకు బ్లూటూత్ పాస్‌వర్డ్ చాలావరకు 1234 లేదా 0000 అనే ఉంటుంది, ఎవరైనా కలవగలరు కాబట్టి పని కాగానే బండి నుంచి ఊడదీయండి. ఇప్పటికే అనుమతులు ఇచ్చి ఉంటే నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మెకానిక్‌లు ఇలాంటి యాప్‌ల వెంట పడడానికి కంపెనీల తీరు కూడా కారణమే. 2020 ఏప్రిల్ 1న బీఎస్‌6 వచ్చాక బండిలో ఎలక్ట్రానిక్స్ పెరిగాయి, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం జారకుండా చూసే వ్యవస్థ) కోడ్ల వంటివి చదివే సాధనం మాత్రం చాలావరకు అధీకృత సర్వీసు సెంటర్లకే పరిమితమైంది. మరమ్మతు హక్కుపై (కొన్న వస్తువును కంపెనీ దగ్గరే కాక బయట కూడా బాగు చేయించుకునే హక్కుపై) కేంద్రం 2022 జూలైలో వేసిన కమిటీ పరిధిలో వాహనాలూ ఉన్నాయి. కోడ్లు చదవడం, సర్వీసు రిమైండర్ రీసెట్ చేయడం వరకైనా అసలైన సాఫ్ట్‌వేర్‌ను చిన్న షెడ్డు భరించగల ధరకు కంపెనీలు అమ్మి తీరాలి.