అపార్ట్‌మెంట్ వాళ్లు ఇన్సూరెన్స్ అడగొచ్చు సరే, దాని పేరుతో నెలనెలా ఫీజు వేయొచ్చా?

ప్రశ్న: అడ్వొకేట్ గారూ, మేం అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం హిల్స్‌బరోలో అద్దెకుంటున్నాం. ఇది రెండో ఏడాది. లీజు ఇంకా ఏడు నెలలుంది. లక్ష డాలర్ల లయబిలిటీతో (అంటే మా వల్ల ఇతరులకి జరిగే నష్టానికి కవరేజీతో) రెంటర్స్ ఇన్సూరెన్స్, అద్దెకున్న వాళ్లు తీసుకునే పాలసీ, ఉండాలని లీజులో రాశారు. మొదట్లోనే తీసుకున్నాం. ఈమధ్య అది దానంతటదే రెన్యూ అయింది. కొత్త పేపరు అపార్ట్‌మెంట్ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్లో పెట్టడం మర్చిపోయాం. రెండు నెలలుగా అద్దెతో పాటు 15 డాలర్ల చొప్పున 'లయబిలిటీ ప్రోగ్రామ్' ఫీజు పడుతోంది. లీజింగ్ ఆఫీసులో అడిగితే, "అపార్ట్‌మెంట్‌ని అడిషనల్ ఇన్సూర్డ్‌గా చేర్పించండి, లేదంటే మా ప్రోగ్రామ్‌లోనే ఉండండి" అన్నారు. ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని మా ఆవిడకి ఒకటే టెన్షన్. మేమేం చేయాలి?

జవాబు: ముందు మీ ఆవిడ గారి టెన్షన్ సంగతి. ఈ కారణంతో మిమ్మల్ని ఉన్నపళంగా ఖాళీ చేయించడం కుదరదు. నిజంగానే పాలసీ లేకపోయినా, ఓనరు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అందులో ఖాళీ చేయాల్సిన తేదీకి కనీసం 30 రోజుల గడువు, తప్పు సరిదిద్దుకోవడానికి కనీసం 14 రోజులు ఉండాలి. ఆలోపు పాలసీ తీసుకుంటే ఆ నోటీసు అక్కడితో ఆగిపోతుంది. మీ పాలసీ అయితే ఒక్క రోజు కూడా ఆగలేదు. ఆగింది పేపరు మాత్రమే.

ఆ పేపరు ఇవాళే పెట్టేయండి. ఇన్సూరెన్స్ కార్డు, డబ్బు కట్టిన రసీదు సరిపోవు. వాళ్లకి కావలసింది డెక్లరేషన్స్ పేజీ, అంటే పేరు, అడ్రసు, తేదీలు, కవరేజీ మొత్తాలు ఉండే పాలసీ సారాంశం పేజీ. చాలాచోట్ల దాన్ని చూసేది లీజింగ్ ఆఫీసులో కూర్చునే మనిషి కాదు, అపార్ట్‌మెంట్ వాళ్లు పెట్టుకున్న ట్రాకింగ్ కంపెనీ. పేరు, ఇంటి నంబరు, తేదీలు, లయబిలిటీ మొత్తం సరిపోలకపోతే వెనక్కి కొట్టేస్తారు. మనవాళ్లకి ఎక్కువగా తేడా వచ్చేది పేరు దగ్గరే. పాస్‌పోర్టు చూసి లీజులో ఇంటిపేరు పూర్తిగా రాస్తారు, పాలసీలో మనం ఒక్క అక్షరంతో సరిపెట్టేస్తాం. వీధి నంబరు వేసి యూనిట్ నంబరు వదిలేయడం ఇంకొకటి. ఈ రెండూ సరిచూసుకుని పెట్టండి. పెట్టినట్టు స్క్రీన్‌షాట్ తీసి, అదే పేజీని ఆఫీసుకి ఈమెయిల్ కూడా చేయండి. రేపు తేదీ గురించి మాట వస్తే ఆ ఈమెయిలే మీకు సాక్ష్యం.

ఇక చట్టం. ఒరెగాన్ అద్దె చట్టంలో దీనికి విడిగా ఒక సెక్షనే ఉంది, 90.222. ఓనరు లయబిలిటీ ఇన్సూరెన్స్ అడగొచ్చని అది ఒప్పుకుంటుంది. లక్ష డాలర్ల వరకు అడగొచ్చు. ఆ చుట్టుపక్కల అలాంటి ఇళ్లకి అంతకంటే ఎక్కువ అడగడం మామూలైతే అంతవరకూ వెళ్లొచ్చు. పాలసీ అమల్లో ఉందో లేదో గడువుల ప్రకారం రుజువు కోరొచ్చు. పాలసీ ఆగినా తగ్గినా తమకి తెలిసేలా 'ఇంటరెస్టెడ్ పార్టీ'గా పేరు చేర్చమనొచ్చు. హక్కు అంతవరకే. ఫలానా కంపెనీ దగ్గరే కొనమని బలవంతం చేయకూడదు. అడిషనల్ ఇన్సూర్డ్‌గా చేర్చమని అడగకూడదని అదే సెక్షన్ నేరుగా చెబుతోంది. ఇంటరెస్టెడ్ పార్టీ, అడిషనల్ ఇన్సూర్డ్, ఈ రెండు మాటలూ వినడానికి ఒకేలా ఉంటాయి కానీ తేడా చాలా ఉంది. ఇంటరెస్టెడ్ పార్టీకి ఉత్తరాలు మాత్రం వెళ్తాయి. అడిషనల్ ఇన్సూర్డ్ అయితే మీ పాలసీలో వాళ్లకీ రక్షణ దక్కుతుంది. కాబట్టి ఆఫీసులో మీతో అన్న మాట చట్టానికి విరుద్ధం. మర్యాదగానే కాదనండి.

ఆ 15 డాలర్ల విషయానికొస్తే, సెక్షన్ 90.302 ప్రకారం అక్కడ ఓనరు తనకి తోచిన ఫీజులన్నీ వేయడానికి లేదు. చట్టం పేరుపెట్టి అనుమతించినవే వేయాలి. ఇన్సూరెన్స్ పేపరు ఆలస్యమైనందుకు ఫీజు ఆ జాబితాలో లేదు. మీకు పాలసీ ఉండగానే తమ ప్రోగ్రామ్‌లో చేర్చి డబ్బు వసూలు చేయడం నిలవదని నా అభిప్రాయం. రూలుకి విరుద్ధంగా ఫీజు వేస్తే, మీకు జరిగిన నష్టానికి రెట్టింపు లేదా 300 డాలర్లు, ఏది ఎక్కువైతే అది రాబట్టుకోవచ్చు. 90.222ని తెలిసి తెలిసి మీరితే దానికి విడిగా కనీసం 250 డాలర్లు.

అలాగని రేపే కోర్టుకి వెళ్లమనను. మేనేజర్‌కి ఒక చిన్న ఈమెయిల్ రాయండి. పాలసీ ఎప్పుడూ ఆగలేదు, ఇదిగో డెక్లరేషన్స్ పేజీ, మీ పేరు ఇంటరెస్టెడ్ పార్టీగా ఉంది (ముందు చేర్పించుకుని రాయండి), 90.302కి విరుద్ధంగా వేసిన 30 డాలర్లు అద్దె ఖాతాలో జమ చేయండి, ఇకపై వేయకండి. ఇంతే. కోపం వద్దు, బెదిరింపు వద్దు. అదే ఈమెయిల్‌లో ఇంకొక్క వాక్యం చేర్చండి: "మీ లయబిలిటీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కాపీ ఇవ్వండి." అద్దెకున్న వాళ్లని అడగాలంటే ఓనరు తనూ అలాంటి ఇన్సూరెన్స్ ఉంచుకోవాలి, అడిగితే చూపించాలి. ఈ హక్కు ఉందని మనవాళ్లలో చాలామందికి తెలియదు. అప్పటికీ వినకపోతే హిల్స్‌బరోలోనే ఉన్న వాషింగ్టన్ కౌంటీ కోర్టులో స్మాల్ క్లెయిమ్స్, అంటే చిన్న మొత్తాల తగాదాలు తేల్చే విభాగం, ఉంది. పది వేల డాలర్ల వరకు అక్కడ తేలుతుంది. జడ్జి అనుమతి లేనిదే లాయర్లు రాకూడదు కాబట్టి మీకు లాయరు ఫీజు బెంగ లేదు. ఈలోగా ఆ 15 డాలర్లు మినహాయించి అద్దె కట్టే పని మాత్రం చేయకండి. అద్దె తక్కువ పడిందన్న పేచీ కొత్తగా మొదలవుతుంది.

పోర్ట్‌లండ్ చుట్టుపక్కల చదువుకునే పిల్లలకి ఒక మాట. ఇంటి మొత్తం ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో సగం, లేదా అంతకంటే తక్కువ అయితే ఓనరు ఈ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేయకూడదు. అసిస్టెంట్‌షిప్ మీద బతికే వాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. అపార్ట్‌మెంట్ వాళ్లు అడిగేది మీ వల్ల ఇతరులకి జరిగే నష్టానికి. పొయ్యి మీద మూకుడులో నూనె అంటుకుని వంటగది కాలి, పక్కింటికి పొగ పట్టిందనుకోండి, ఆ ఖర్చు లయబిలిటీ కింద వస్తుంది. వాళ్ల ప్రోగ్రామ్ చూసేది మామూలుగా ఆ బిల్డింగు నష్టం వరకే. మీ లాప్‌టాప్, మంచం, బట్టలు అందులో ఉండవు. మీ సొంత పాలసీలో 'పర్సనల్ ప్రాపర్టీ' అన్న చోట ఎంత రాశారో చూడండి. బంగారం సంగతి ఇంకా జాగ్రత్త. సామాన్లకి 30 వేల డాలర్ల కవరేజీ ఉన్నా, నగలు దొంగతనం అయితే చాలా పాలసీల్లో మొత్తం నగలన్నిటికీ కలిపి 1,500 డాలర్లే ఇస్తారు. పెళ్లి గాజులు, హారం ఇంట్లో పెట్టుకుంటే బిల్లు గానీ వెలకట్టిన పత్రం గానీ ఇచ్చి, ఒక్కో నగని విడిగా పాలసీలో రాయించాలి. వరద నష్టం మామూలు పాలసీలో రాదు. ఇల్లు పంచుకుంటున్న స్నేహితుడి పేరు పాలసీలో లేకపోతే అతని సామాను కూడా రాదు.

ఓనరు ఎప్పుడైనా మీ పాలసీ మీద క్లెయిమ్ వేస్తే, ఆ మొత్తం మీ సెక్యూరిటీ డిపాజిట్ కంటే ఎక్కువై ఉండాలి, వేసినప్పుడే మీకూ కాపీ ఇవ్వాలి. రోజువారీ అరుగుదలకి, గోడ రంగు వెలిసినందుకు వేయకూడదు. ఇల్లు వదిలేటప్పుడు ఈ మాట గుర్తుంచుకుని ప్రతి గదికీ తేదీ కనపడేలా వీడియో తీసి పెట్టుకోండి.