ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వల్లేనా బెజవాడలో ఈ ఎండలు?

నేరుగా కాదు. చిమ్నీలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఊరి మీదే తిష్ట వేయదు, గాలులతో ప్రపంచమంతా కలిసిపోతుంది. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్ల గాలిలో అది దాదాపు 280 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది.

ఇంత కొంచెం గ్యాస్ ఏం చేస్తుందంటారా? పొడి గాలిలో 99 శాతం ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ భూమి వదిలే పరారుణ (కంటికి కనిపించని కిరణాల) వేడిని దాదాపు పట్టుకోవు. కార్బన్ డయాక్సైడ్ పట్టుకుంటుంది. అందులో కొంత తిరిగి కిందికే పంపుతుంది.

బొగ్గులోని 12 కిలోల కార్బన్ కాలితే 44 కిలోల ఈ గ్యాస్ వస్తుంది; మిగతా 32 కిలోలూ గాలిలోని ఆక్సిజనే. బొగ్గు కరెంటైతే యూనిట్‌కు సుమారు కిలో. రాత్రంతా ఏసీకి పది యూనిట్లు అయితే పది కిలోలన్నమాట.

మేలో బెజవాడను మాడ్చేది పడమటి పొడిగాలి, రాతికొండలు, రాత్రికి కూడా చల్లారని కాంక్రీటు. ఇవి పాతవే (కాంక్రీటు పెరిగిందనుకోండి). వాటి అడుగున మట్టం పెంచుతున్నది ఈ గ్యాస్: 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటికంటే సుమారు 1.5 డిగ్రీలు ఎక్కువ.

స్లాబుకు తెల్ల కూల్ పెయింట్ వేస్తే గది వేడి తగ్గుతుంది. గ్యాస్ విషయంలో మాత్రం ఏసీ యూనిట్లు తగ్గిన మేరకే లాభం.