దాదీమా ప్రశ్నను వదిలేయకు

బేటీకి,

అస్సలాము అలైకుమ్.

పరిణామ సిద్ధాంతం మీద నీ వ్యాసం అందింది. ‘డార్విన్ కంటే వెయ్యేళ్ల ముందే’ అన్న శీర్షిక చూడగానే చదవకుండా పక్కన పెట్టాలనిపించింది. విమానాలూ శస్త్రచికిత్సలూ మా పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయని కొందరు రాస్తారు. పిండం ఎదుగుదల నుంచి విశ్వం విస్తరణ దాకా మా గ్రంథంలోనే ఉందని మనవాళ్లు రాస్తారు. ఎవరో ఎండలో తవ్వి, లెక్క తప్పి, మళ్లీ తవ్వి తెలుసుకున్నదాన్ని వీళ్లు కూర్చున్న చోటు నుంచి లేవకుండా తమ ఖాతాలో వేసుకుంటారు. ఈ ధోరణి మీద నా కోపం ఈనాటిది కాదు. పత్రికల వాళ్లకు ఇలాంటివంటే మహా ఇష్టం. పాఠకుడి ఛాతీ ఉప్పొంగుతుంది కదా!

అయినా చదివాను. ఐదో పేజీ దగ్గర ఆగిపోయాను.

ఆ పేజీలో మీ దాదీమా ఉన్నారు. నువ్వు ఎమ్మెస్సీ పరీక్షకు చదువుతుంటే పక్కన కూర్చుని, ఏం చదువుతున్నావో చెప్పించుకుని, కాసేపు ఆలోచించి, “అయితే ఆదం అలైహిస్సలాం లేరా, బేటీ?” అని మొదటి మనిషి గురించి అడిగారు. నువ్వు జవాబు చెప్పలేదు. ‘లేచి వెళ్లి ఆమెకు రాత్రి వేసుకోవలసిన మాత్రలు తెచ్చిచ్చాను’ అని ఒక్క వాక్యం రాశావు. వెంటనే తరువాతి పేరాలో ఇరాక్‌లోని బస్రా నగరం, తొమ్మిదో శతాబ్దం, అరబ్బు రచయిత జాహిజ్. ఆ వాక్యం నిజం. దాని తరువాత వచ్చిన మూడు పేజీలూ ఆ గదిలోంచి పారిపోవడం. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

జాహిజ్ గొప్పవాడు. ఆయన ‘కితాబుల్ హయవాన్’ జంతువుల మీద ఏడు సంపుటాల గ్రంథం. ఏ జంతువు దేన్ని తిని బతుకుతుంది, దాన్ని మరేది తింటుంది అన్నది ఆయన శ్రద్ధగా గమనించాడు. కానీ నువ్వు ఆయన పేరు మీద కొటేషన్ గుర్తులు పెట్టి మరీ రాసిన వాక్యం ఉంది చూడు, పరిసరాల ప్రభావంతో జీవులు కొత్త లక్షణాలు సంతరించుకుని కొత్త జాతులుగా మారతాయని. అది ఏ సంపుటంలో, ఏ పుటలో ఉంది? ఎవరో తమ మాటల్లో చెప్పిన సారాంశం ఆయన నోటి మాటగా ఫోన్లలో తిరుగుతుంటే దాన్ని నువ్వు తెచ్చి అతికించావని నా అనుమానం. మూలం చూపించలేకపోతే తీసెయ్.

చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ సంగతీ అంతే. 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో ఖనిజాలు, మొక్కలు, జంతువులు, కోతులు, మనిషి అని ఒక వరుస చెప్పాడు. ఒక మెట్టు చివర తరువాతి మెట్టు మొదటిని తాకుతుందన్నాడు. అద్భుతమైన ఆలోచనే. కానీ పిల్లల మధ్య తేడాలు ఉండటం, వాటిలో కొన్ని బతకడానికి పనికిరావడం, అవి తరువాతి తరానికి అందడం, ఇలా కోట్ల ఏళ్లు జరగడం, ఇవేవీ ఆ వరుసలో లేవు. డార్విన్ చెప్పింది అదే కదా. ఇబ్న్ ఖల్దూన్‌కు తన సొంత గొప్పతనం చాలు. డార్విన్‌ది అరువు తెచ్చి ఆయనకు తొడగడం ఆయనకూ అవమానమే.

నువ్వు హైదరాబాద్‌లో చదువుతున్నావు కాబట్టి ఒక సంగతి నీకు తెలిసి ఉండాల్సింది. ముస్లిం ఉద్యమకారుడు జమాలుద్దీన్ అఫ్గానీ 1880 ప్రాంతాల్లో ఆ నగరంలోనే ఉన్నాడు. అలీగఢ్ సంస్కర్త సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అనుచరులను ‘నేచరీలు’ అనేవారు. వాళ్లను ఖండిస్తూ అఫ్గానీ ఫారసీలో రాసిన పుస్తకం 1881లో హైదరాబాద్‌లోనే అచ్చయింది. అందులో డార్విన్‌ను ఎగతాళి చేశాడు. కుక్కల తోకలు తరతరాలుగా కోస్తే చివరికి తోకలేని కుక్కలు పుడతాయంటున్నారే, మరి అరబ్బులు, యూదులు వేల ఏళ్లుగా సున్తీ చేయిస్తున్నా ఒక్క పిల్లవాడైనా సున్తీతో పుట్టాడా అని అడిగాడు. మంచి ప్రశ్న. కొద్దికాలానికే జర్మనీలో వైస్మన్ అనే జీవశాస్త్రవేత్త ఎలుకల తోకలు తరాల తరబడి కోసి, తోకలు మామూలుగానే వస్తాయని చూపించాడు. కానీ ఆ ప్రశ్న దెబ్బతీసేది, బతుకులో వచ్చిన మార్పులు బిడ్డలకు సంక్రమిస్తాయన్న నమ్మకాన్ని. బతకడానికి పనికొచ్చే తేడాలే నిలుస్తాయన్న డార్విన్ ప్రకృతివరణానికి దాని వల్ల గీత కూడా పడదు. అదే అఫ్గానీ తన చివరి రోజుల్లో మాట మార్చాడు. ఇదంతా డార్విన్ కంటే ముందే అరబ్బులకు తెలుసు అన్నాడు.

చూశావా అమ్మా? ఒకే మనిషి, ముందు అబద్ధమన్నాడు, తరువాత మాదేనన్నాడు. ఈ రెండు మాటల్లో దేనికీ ఒక్క ఎముకను చేతిలోకి తీసుకుని చూడనక్కర్లేదు. నూట నలభై ఏళ్లుగా మనవాళ్లలో చాలామంది ఈ రెండింటి మధ్యే తిరుగుతున్నారు. నీ వ్యాసం రెండో దాంట్లో పడింది.

భూమ్మీద సంచరించి అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో చూడండని ఖురాన్‌లోని అంకబూత్ సూరా చెబుతోంది. ఆ ఆయతును, ఆ వాక్యాన్ని, నువ్వూ ఎత్తి రాశావు. సంచరించి చూసినవాళ్లకు ఏం దొరికిందో మాత్రం రాయలేదు! తిమింగలాలనే తీసుకో. పాకిస్తాన్‌లోని కోహట్ ప్రాంతంలో దొరికిన పుర్రెకు 1981లో పాకిసీటస్ అని పేరు పెట్టారు. దాదాపు ఐదు కోట్ల ఏళ్ల నాటిది. తరువాత దొరికిన ఎముకలతో అది నాలుగు కాళ్ల మీద నడిచిన, తోడేలంత జంతువని తేలింది. చెవి ఎముక మాత్రం అచ్చం తిమింగలానిదే. 1994లో అదే దేశంలోని పంజాబ్ నుంచి ఆంబులోసీటస్ వచ్చింది. అది నడవగలదు, ఈదగలదు. ఆ పరిశోధన పత్రం మీద మూడు పేర్లుంటే వాటిలో రెండు హుసేన్, ఆరిఫ్. బలూచిస్తాన్‌లో దొరికిన చీలమండ ఎముకలతో తిమింగలాలు పశువులకూ నీటిగుర్రానికీ చుట్టాలని 2001లో గట్టిగా తేలింది. మన జమ్మూ కశ్మీరులోని రాజౌరీ జిల్లాలో ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త రాళ్లు సేకరించి పెట్టి పోయాడు. ఆయన భార్య వాటిని జాగ్రత్తగా కాపాడి పరిశోధకులకు అప్పగించింది. ప్రయోగశాలలో ఒక పుర్రె పొరపాటున విరిగితే లోపల తిమింగలం చెవి బయటపడింది. 2007లో ఇండోహ్యూస్ అనే ఆ చిన్న గిట్టల జంతువు సంగతి ప్రపంచానికి తెలిసింది. ఈజిప్టులో ఫయ్యూమ్ ఎడారిలో ఒక లోయ నిండా తిమింగలాల అస్థిపంజరాలే. వాటికి చిన్న చిన్న వెనుక కాళ్లు కూడా ఉన్నాయి. ఆ లోయను 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈరోజు అక్కడ తవ్వుతున్నవాళ్లలో మన్సూరా విశ్వవిద్యాలయం పిల్లలున్నారు, వాళ్లలో నీలాంటి ఆడపిల్లలూ ఉన్నారు.

అజాన్ వినబడే నేలలో ఇంత సాక్ష్యం పడి ఉంది. దీన్ని వదిలి వెయ్యేళ్ల కిందటి కొటేషన్ కోసం వెతుకుతావా?

ఆంబులోసీటస్ గురించి చదివిన కొత్తలో నేను తిమింగలాల మీద ఒక వ్యాసం రాశాను. అప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుండేవాణ్ణి. ఒక వారపత్రికకు పంపితే సంపాదకుడు తిప్పి పంపుతూ, సైన్సు రాయడానికి మాకు వేరేవాళ్లున్నారు, మీరు తలాక్ మీద రాయండి అని చీటీ పెట్టాడు. మన పేరు చూడగానే వాళ్లకు బురఖా, అల్లర్లు, రంజాన్ నెలలో హలీం, ఇవే గుర్తొస్తాయి. మనకు కళ్లున్నాయని, ఆ కళ్లతో రాయినీ నక్షత్రాన్నీ కూడా చూస్తామని వాళ్లకు తోచదు. అదే వ్యాసాన్ని మతపరమైన మాసపత్రిక ఒకటి వేసుకుంది. వేసుకుని, చివరి రెండు పేరాలు కోసేసి, ‘కనుక డార్విన్ సిద్ధాంతం తప్పని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు’ అన్న వాక్యాన్ని నా పేరు కింద చేర్చింది. ఆ జుమా రోజు మసీదు మెట్ల మీద నలుగురు నా చెయ్యి పట్టుకుని అభినందించారు. ఆ అవమానం నాకింకా మంటగానే ఉంది. ఖండన రాస్తే అచ్చు వేయలేదు. మరో హేతువాద పత్రిక వాళ్లు వ్యాసం బాగుందన్నారు, కానీ నేను నమాజు చేస్తానన్న వాక్యం తీసేస్తేనే వేస్తామన్నారు. నేను తీయలేదు. మాత్రల గురించిన నీ వాక్యం కూడా ఎవరడిగినా తీయకు.

ఇక ఆదం అలైహిస్సలాం సంగతి. వ్యాసంతో పాటు వచ్చిన నీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి. నేను పట్టించుకునేది దీన్నొక్కదాన్నే.

దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పసితనంలో చనిపోయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూర్యుడు చీకటయ్యాడని జనం అన్నారు. ఒప్పుకుని ఊరుకుంటే ఎంత పెద్ద మహిమ అయ్యేది! బిడ్డను మట్టిలో పెట్టిన తండ్రి లేచి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలు, ఎవరి చావుకూ ఎవరి బతుకుకూ వాటికి గ్రహణం పట్టదు అని చెప్పాడు. బుఖారీ హదీసుల్లో ఉంది. నాకు తెలిసిన విశ్వాసం ఇది. తనకు అనుకూలంగా వచ్చినా సరే, నిజం కాని మహిమను అది తీసుకోదు. మతపండితుడు గజాలీ తన ‘తహాఫుత్’ గ్రంథం ముందుమాటలో గ్రహణాల గురించి చెబుతూ ఈ హదీసునే ప్రస్తావించాడు. గ్రహణం లెక్కలు రుజువైనవి, వాటిని మతం పేరుతో ఖండించేవాడు మతానికే హాని చేస్తాడు, లెక్క తెలిసినవాడు అనుమానించేది లెక్కను కాదు, మతాన్ని అన్నాడు. పదకొండో శతాబ్దంలో అన్న మాట. దీన్ని వ్యాసంలో రాయి, కోపంగా రాయి.

అలాగని ఇబ్బంది లేనట్టు నటించకు. గ్రహణం సులువు, ఆదం కష్టం. ఆయన్ను తల్లీ తండ్రీ లేకుండా మట్టి నుంచి పుట్టించాడని మన మతపండితుల్లో, ఉలమాలో, చాలామంది చెబుతారు. హైదరాబాద్ సంస్థానంలోని ఔరంగాబాద్‌లో పుట్టిన, జమాతె ఇస్లామీ స్థాపకుడు మౌదూదీ పరిణామ సిద్ధాంతాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 1888లో ఇప్పటి లెబనాన్‌లోని ట్రిపోలీ పండితుడు హుసేన్ అల్ జిస్ర్ మరో దారి చూపాడు. తిరుగులేని రుజువు దొరికేదాకా ఆయతుల పైకి కనిపించే అర్థాన్నే పట్టుకుందాం, దొరికితే ఆయతులకు ఆ వెలుగులో అర్థం చెప్పుకుందాం అన్నాడు. మన కాలంలో డేవిడ్ సాలమన్ జలాజెల్ అన్న పండితుడు ఇంకోలా అంటాడు. గ్రంథం చెప్పింది ఆదం, హవ్వాల గురించి మాత్రమే, మిగతా జీవుల పుట్టుక గురించీ, మనిషిని పోలిన ఇతర జీవుల గురించీ అది మౌనంగా ఉంది, ఆ మౌనంలోకి మనం మాటలు దూర్చకూడదు అని. జోర్డాన్‌లో రానా దజానీ అనే జీవశాస్త్రవేత్త హిజాబ్ కట్టుకునే వచ్చి తరగతిలో పరిణామం బోధిస్తుంది, మనిషిని మినహాయించకుండా. కవి ఇక్బాల్ 1929 జనవరిలో హైదరాబాద్ వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలు వినడానికి మన తాతల తరం వెళ్లింది. ఖురాన్‌లోని ఆదం కథ భూమి మీద మొదటి మనిషి ఎలా పుట్టాడో చెప్పే కథ కాదనీ, కోరికల బతుకు నుంచి తనను తాను ఎరిగిన స్వేచ్ఛలోకి మనిషి లేవడం గురించిన కథ అనీ ఆయన రాశాడు. నేను ఇక్బాల్ వెనుక నడిచేవాణ్ణి. మనిషి మిగతా జీవులతో పాటే పరిణమించాడని నమ్ముతాను, తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేస్తాను. నువ్వు జలాజెల్ వెనుక నడిచినా నాకు అభ్యంతరం లేదు. ఎటూ నడవకుండా మాత్రల కోసం లేచి వెళ్లిపోవద్దు.

ఇంకొక మాట. 2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామం పాఠాన్ని తీసేశారు. అంతకు ముందు 2017లో టర్కీలో ఉన్నత పాఠశాలల నుంచి తొలగించారు. పదో తరగతితో చదువు ఆపేసే పిల్లలకు ఇక తెలుగులో ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే నీ వ్యాసం నాకు అవసరం అనిపించింది.

మొదటి నాలుగు పేజీలూ తీసెయ్. దాదీమా అడిగిన దగ్గర మొదలుపెట్టు. మళ్లీ ఆమె దగ్గర కూర్చో, పాకిసీటస్ బొమ్మ చూపించు, ఇక్బాల్ ఏమన్నాడో చెప్పు, జలాజెల్ ఏమన్నాడో చెప్పు. ఆమె ఏమంటే అది ఆమె మాటల్లోనే రాయి. ఆమె ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదనే రాయి, నీ మాటే నెగ్గేలా సంభాషణ సర్దకు. జాహిజ్ ఉండాలనుకుంటే ఒక్క పేరా చాలు, అదీ మూలం చూసి. తిమింగలం చెవిలోని ఆ మందమైన ఎముకకు లాటిన్ పేరు అక్కర్లేదు. నీళ్లలో శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడానికి అది ఎలా పనికొస్తుందో రాయి. దాని కోసం రెండు పేజీలైనా పరవాలేదు. కొత్త ప్రతిని బక్రీదు లోపల పంపు.

వస్సలాం.