శ్రావణీ, ఈసారికి క్రీట్ ఒక్కటే చూడండి

చి. శ్రావణికి,

పెద్దమ్మ దీవెనలు. నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. ఆరు రోజుల్లో గ్రీసు ద్వీపాలు శాంటొరిని, మైకొనోస్, క్రీట్ మూడూ పెట్టావు. అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్తున్నావు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను, మొదటి రెండూ తీసెయ్. ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి మారిన ప్రతిసారీ సామాను సర్దడానికి, రేవుకు చేరడానికి, పడవ కోసం కాచుకోవడానికి ఒక పూట పోతుంది. క్రీట్ ఒక్కటే మీ ఆరు రోజులకూ ఎక్కువ. తూర్పు నుంచి పడమరకు 260 కిలోమీటర్ల పొడవు, మధ్యలో 2,456 మీటర్ల ఎత్తున్న సిలోరిటిస్ పర్వతం. దాన్నైనా మొత్తం చుట్టేద్దామనుకోకు. మ్యూనిక్ నుంచి హెరాక్లియన్‌లో దిగండి, చానియా (అక్కడివాళ్లు హనియా అంటారు) నుంచి తిరిగి విమానం ఎక్కండి. రెండు ఊళ్లలోనూ విమానాశ్రయాలున్నాయి. హెరాక్లియన్‌లో మూడు రాత్రులు, చానియాలో రెండు రాత్రులు ఉండండి. తూర్పున ఉన్న స్పినలోంగా కోట, వాయ్ తాటివనం ఇంకోసారి చూసుకోవచ్చు.

జులై చివర అన్నావు. అది కూడా మార్చు. ఆ నెలల్లో ఎండకు రాళ్లు కాలిపోతుంటాయి, చూడాల్సినవాటిలో సగం నీడలేని శిథిలాలే. మే నెల అయితే కొండల నిండా అడవిపూలు. సెప్టెంబరు చివర అయితే సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది, జనం పలచబడతారు. మీ అమ్మ మోకాళ్ల కోసమైనా మే నెలకే నా ఓటు.

ఇక అసలు సంగతి. అందరూ విమానం దిగగానే, మినోవన్లనే ప్రాచీన జాతి కట్టిన రాజభవన శిథిలాలున్న క్నోసస్‌కు పరుగెత్తుతారు. నువ్వు మాత్రం ముందు హెరాక్లియన్ పురావస్తు మ్యూజియానికి వెళ్లు, ఒక పూట పూర్తిగా దానికే ఇవ్వు. ఎందుకంటే క్నోసస్ గోడల మీద కనిపించే బొమ్మలన్నీ నకళ్లు. అసలు ముక్కలు ఈ మ్యూజియంలో ఉన్నాయి. దగ్గరకు వెళ్లి చూస్తే, ఏ ముక్క పాతది, ఏ భాగం తర్వాతివాళ్లు ఊహించి పూరించారు అన్నది తేడాగా తెలుస్తుంది. ఎద్దు మీద నుంచి పల్టీ కొడుతున్న మనిషి చిత్రం ముందు కాసేపు ఆగు. చేతుల్లో పాములు పట్టుకున్న స్త్రీమూర్తులు, మాలియాలో దొరికిన రెండు తేనెటీగల బంగారు పతకం, 1908లో ఫైస్టోస్‌లో బయటపడ్డ మట్టి బిళ్ల కూడా చూడు. ఆ బిళ్ల మీద 45 రకాల గుర్తులు అచ్చులతో ఒత్తి ఉన్నాయి, ఈ రోజుకీ ఎవరూ చదవలేకపోయారు. మినోవన్లు రాసుకున్న లీనియర్ ఎ లిపి కూడా అలాగే మిగిలిపోయింది. తర్వాత వచ్చిన లీనియర్ బిని మాత్రం 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించాడు. వృత్తికి ఆయన ఆర్కిటెక్టు! అందులో రాసిన భాష గ్రీకుకే పాత రూపమని తేల్చాడు.

ఇంత చూశాక క్నోసస్‌కు వెళ్తే కళ్లు వేరేగా పనిచేస్తాయి. ఊరికి ఐదు కిలోమీటర్లే, సిటీ బస్సు ఉంటుంది. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుని తలుపులు తీసే వేళకు అక్కడ ఉండండి. ఓడల్లో వచ్చే టూరిస్టు గుంపులు చేరేసరికి మీరు సింహాసనం గది చూసేసి ఉండాలి. ఆ చోట మొదట తవ్వింది 1878లో మినోస్ కలొకెరినోస్ అనే స్థానికుడు. 1900లో ఆర్థర్ ఇవాన్స్ అనే ఇంగ్లిషు పురావస్తు పరిశోధకుడు వచ్చి ఆ నేల కొని పెద్ద ఎత్తున తవ్వించాడు, కూలిపోయిన భాగాలను కాంక్రీటుతో మళ్లీ నిలబెట్టాడు. ఫోటోల్లో నువ్వు చూసే ఎర్ర స్తంభాలు, పైన లావుగా కింద సన్నగా ఉండేవి, ఆయన కట్టించినవే. అసలువి చెక్కవి, ఎప్పుడో పోయాయి. లిల్లీపూల రాకుమారుడనే ప్రసిద్ధ చిత్రంలోని ముక్కలు ఒకే మనిషివి కావని చాలామంది పండితుల అభిప్రాయం. ఇది తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆయన అలా నిలబెట్టకపోతే ఆ అంతస్తులూ మెట్లూ మామూలు మనుషుల ఊహకు అందేవి కావు. కానీ ఎక్కడ మూడున్నర వేల ఏళ్ల నాటి రాయి ఆగిందో, ఎక్కడ ఇరవయ్యో శతాబ్దపు సిమెంటు మొదలైందో చూసుకుంటూ నడువు. మీ నాన్నగారికి మనిషెత్తు మట్టి బానలున్న కొట్లు, మట్టి గొట్టాల నీటి ఏర్పాటు చూపించు. ఇంజినీరు మనిషి, అక్కడి నుంచి కదలరు.

మర్నాడు కారు అద్దెకు తీసుకుని దక్షిణానికి, అలాంటిదే ఇంకో రాజభవన శిథిలం ఫైస్టోస్‌కు వెళ్లండి, 60 కిలోమీటర్ల పైచిలుకు. నన్నడిగితే ఈ ద్వీపంలో అన్నిటికన్నా గొప్ప చోటు ఇదే. ఇక్కడ క్నోసస్‌లోలా సిమెంటుతో అంతస్తులు మళ్లీ నిలబెట్టలేదు. వెడల్పాటి మెట్లు, రాతి పరుపుల నడిమి ముంగిలి, కింద మెసారా మైదానమంతా ఆలివ్ తోటలు, వెనక సిలోరిటిస్. క్నోసస్ చూసి వచ్చావు కనుక పునాదులు చూడగానే గదులు నీకే కనబడతాయి.

దారిలో గోర్టిన్ అనే పాత నగర శిథిలాల దగ్గర తప్పకుండా ఆగు. అక్కడ ఒక గోడ మీద క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు చట్టం చెక్కి ఉంది. ఒక వరుస కుడి నుంచి ఎడమకు, తర్వాతది ఎడమ నుంచి కుడికి, సాలు చివర ఎద్దులు మళ్లినట్టు సాగుతుంది. అందులో కొడుకులకు రెండు వంతులు, కూతుళ్లకు ఒక వంతు ఆస్తి అని రాసి ఉంది. విడిపోయినప్పుడు భార్య తాను తెచ్చుకున్న ఆస్తి తాను తీసుకుపోవచ్చని ఉంది. మన రాష్ట్రంలో 1985లో చట్టం మారేదాకా ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా వాటా లేదు. ఆ గోడ ముందు నిలబడి మీ అమ్మకు ఇదంతా నువ్వే చదివి వినిపించు.

కారు గురించి ఒక మాట. ప్రధాన రహదారి మీద వెనకబండి తొందరపడితే కుడి అంచుకు జరిగి దారివ్వు, అక్కడ అదే అలవాటు. కొండదారుల్లో చీకటి పడ్డాక నడపకు.

చానియాకు వెళ్లేటప్పుడు రెథిమ్నో దగ్గర ఆర్కాడి మఠానికి మళ్లండి. 1866 నవంబరులో ఒట్టొమాన్ తుర్కుల సైన్యం ముట్టడించినప్పుడు, లోపల తలదాచుకున్న వందలమంది, ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ, లొంగిపోకుండా మందుగుండు కొట్టుకు నిప్పంటించుకుని చనిపోయారు. పైకప్పు లేని ఆ గది అలాగే ఉంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. చానియాలో వెనిస్‌వాళ్ల నాటి రేవు, లైట్‌హౌసు, నీటి ఒడ్డునే ఉన్న పాత మసీదు సాయంత్రం నడకకు చాలు, ప్లాన్ ఏమీ అక్కర్లేదు.

సమరియా లోయ నీకూ నీ భర్తకూ మాత్రమే. 1,200 మీటర్ల పైనుంచి సముద్రం దాకా 16 కిలోమీటర్ల దిగుడు, అంతా రాళ్లే, ఐదు నుంచి ఏడు గంటలు పడుతుంది. మే నుంచి అక్టోబరు వరకే తెరుస్తారు, వానొస్తే మూసేస్తారు. కింద అయా రూమెలీలో పడవ ఎక్కితేనే మళ్లీ రోడ్డుకు చేరతారు, కాబట్టి ముందు పడవ వేళ చూసుకుని తర్వాత నడక మొదలుపెట్టు. దిగుడే కదా అని మీ అమ్మను ఒప్పించబోకు, మోకాళ్లకు ఎక్కుడుకన్నా దిగుడే చేటు. ఆ రోజు వాళ్లిద్దరినీ చానియాలో రేవు పక్కనే ఉండనివ్వు.

శాకాహారులమని తిండికి భయపడకు. గ్రీకువాళ్లకు ఉపవాసాలు ఎక్కువ, ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల్లో తినే వంటలను నిస్టీసిమా అంటారు, ఆ మాట చెప్పి అడుగు. అయితే చేపలు తినకపోయినా రొయ్యలూ స్క్విడ్లూ ఉపవాసంలో తింటారు, కాబట్టి అవీ వద్దని వేరుగా చెప్పాలి. మీ నాన్నగారికి పప్పు లేనిదే ముద్ద దిగదు కదా, ఫావా తెప్పించు, పసుపు రంగు బఠానీ బద్దలు మెత్తగా ఉడికించి పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసిస్తారు. బార్లీ రొట్టె మీద టమాటా, జున్ను వేసిన డాకోస్, ఉడికించిన అడవి ఆకుకూరలు కూడా బాగుంటాయి. కూరిన టమాటాలు, మిరపకాయలు తెప్పిస్తే లోపల ఖీమా ఉందేమో అడుగు. భోజనం చివర అడక్కుండానే రాకీ సారా తెచ్చిపెడతారు, అది మర్యాద. తాగకపోతే ఎవరూ ఏమీ అనుకోరు.

వీసా సంగతి ఆలస్యం చెయ్యకు. అమ్మానాన్నలు ఎక్కువ రోజులుండేది నీ దగ్గరే కాబట్టి దరఖాస్తు జర్మనీకే పెట్టాలి, గ్రీసుకు కాదు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లే ఆ షెంగెన్ వీసా మీదే క్రీట్ వెళ్లొచ్చు. ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దరఖాస్తులో క్రీట్ ప్రయాణం టికెట్లు, హోటళ్లు కూడా చూపించండి. అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, కాబట్టి ఈ వారమే మొదలుపెట్టు. తేదీలు తేలగానే నాకు చెప్పు, హెరాక్లియన్‌లో మ్యూజియానికి నడిచివెళ్లే దూరంలో ఉండే హోటల్ కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ