కోర్టు కొట్టివేసేదేమిటి, రద్దు చేసేదేమిటి?

సందేహం: ‘సుప్రీంకోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది’ అని ఒక వార్తలో, ‘సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టివేసింది’ అని మరో వార్తలో చదివాను. చట్టాన్ని సవాలు చేసినవారు మొదటి దాంట్లో ఓడారు, రెండో దాంట్లో గెలిచారు. రెండింటికీ ఒకే మాట వాడవచ్చా? రద్దు, స్టే అన్నా ఇదేనా?

సమాధానం: వ్యాకరణరీత్యా రెండూ ఒప్పే. రాసినదాని మీద అడ్డగీత గీయడాన్ని కొట్టివేయడం అంటాం. దస్తావేజుల్లో ‘కొట్టివేతలు, దిద్దుబాట్లు’ అనేది ఈ అర్థంలోనే. అయితే కోర్టు చేసే పనులు వేరువేరు కాబట్టి, మాటలూ వేరుగా ఉంటేనే చదివేవారికి అయోమయం ఉండదు.

పిటిషన్ కొట్టివేయడమంటే అడిగింది ఇవ్వననడం. ఇక్కడ ఆ మాట చక్కగా నప్పుతుంది. వాదన అయితే ‘తోసిపుచ్చింది’ అనాలి. ఇందులోనే ఒక ప్రమాదం ఉంది. హైకోర్టు తీర్పు మీద అప్పీలుకు అనుమతి ఇమ్మని రాజ్యాంగం 136వ అధికరణ కింద స్పెషల్ లీవ్ పిటిషన్ వేస్తారు. కారణాలేమీ చెప్పకుండా సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేస్తే, అనుమతి ఇవ్వలేదనే అర్థం. హైకోర్టు తీర్పు సరైనదని చెప్పినట్టు కాదు. అయినా ‘హైకోర్టు తీర్పును సమర్థించిన సుప్రీం’ అని శీర్షిక పెట్టేస్తుంటారు. ఇది చిన్న పొరపాటు కాదు. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రానికి 141వ అధికరణ ప్రకారం దేశంలోని కోర్టులన్నీ కట్టుబడాలి. అలాంటి కోర్టు అనని మాటను అన్నట్టు రాయడం పాఠకుడికి అన్యాయం చేయడమే.

ఇక చట్టం సంగతి. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం ఆ మేరకు చెల్లదని 13వ అధికరణ చెబుతోంది. అందువల్ల ‘చెల్లదని ప్రకటించింది’ అనడం అన్నిటికన్నా సరైన ప్రయోగం. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు అలాగే చెల్లదంది. ఆ తర్వాత కూడా పోలీసులు దాని కింద కేసులు పెడుతుంటే, ఎవరినీ ఆ సెక్షన్ కింద ప్రాసిక్యూట్ చేయరాదని 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

‘చట్టాన్ని కోర్టు రద్దు చేసింది’ అని వాడుకలో వినిపిస్తుంది గానీ, నేనైతే రాయను. చట్టాన్ని రద్దు చేయడం దాన్ని చేసిన సభ పని. 2020 నాటి మూడు సాగు చట్టాలను చూడండి. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు వాటి అమలు మీద స్టే ఇచ్చింది. అంటే తాత్కాలికంగా ఆపింది, అంతే. అవి చెల్లుతాయో లేదో తేల్చలేదు. ఆ నవంబరు 29న వాటి రద్దు బిల్లును ఆమోదించింది పార్లమెంటు. జనవరి వార్తలో ‘రద్దు’ అని రాసి ఉంటే, నవంబరులో ఏం జరిగిందని చెబుతాం?

ప్రభుత్వ ఉత్తర్వులనూ కింది కోర్టు తీర్పులనూ మాత్రం పైకోర్టు రద్దు చేస్తుంది, అలా నిస్సందేహంగా రాయవచ్చు. ఈమధ్య తీర్పును ‘పక్కన పెట్టింది’ అని కొందరు రాస్తున్నారు. తెలుగులో పక్కన పెట్టడమంటే తర్వాత చూద్దామని ఊరుకోవడం. తీర్పు ఇక లేదని చెప్పదలచుకుంటే ‘రద్దు చేసింది’ అనే రాయాలి.