పాత స్పోర్ట్స్ కారుకు వారంటీ కొనాలా?

ప్రశ్న: బెంగళూరులో ఓ డీలర్ దగ్గర 2015 మోడల్ ఆడి టీటీ చూశాను. బేరం 20 లక్షల దగ్గర తెగేలా ఉంది. ఇంకో లక్షా పదివేలు కడితే ఏడాది ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు ఆ వారంటీ ఇచ్చేది ఎవరో కనుక్కోండి. కార్ల కంపెనీదా, వేరే సంస్థదా, లేక డీలర్ సొంతంగా రాసిచ్చే కాగితమా అన్నదాన్ని బట్టే సగం తేలిపోతుంది. ఆ కారులో అసలు టెన్షన్ గేర్‌బాక్స్‌తోనే. అది రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, దాన్ని నడిపించే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్షల్లోకి పోతుంది, కాబట్టి కాగితంలో ఆ పేరు ఉందా, ఒక్కో రిపేరుకు ఇంతకు మించి ఇవ్వమని ఎక్కడైనా చిన్న అక్షరాల్లో పెట్టారా చూడండి. పరిమితి యాభైవేలైతే లక్షా పదివేలు కట్టడం ఎందుకు చెప్పండి! టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ ఎలాగూ రావు. పాత సర్వీస్ రికార్డు సరిగా లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

బండి ఇక్కడ ఆగిపోతే బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైమాటే, టోయింగ్ ఖర్చు ఎవరిదో కూడా రాయించుకోండి.

నన్నడిగితే, డబ్బు కట్టకముందే బయటి వర్క్‌షాప్‌లో కారును లిఫ్ట్ ఎక్కించి, కంప్యూటర్ స్కాన్ చేయించండి. వారంటీ కంపెనీదై, గేర్‌బాక్స్ అందులో ఉంటే తీసుకోండి. డీలర్ కాగితమైతే వద్దు, ఆ లక్ష బ్యాంకులో వేసుకోండి. అన్నట్టు, అది కర్ణాటక బండి కదా, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అక్కడి రవాణా శాఖ ఇచ్చే పత్రం) తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అదీ బేరంలో లెక్క వేసుకోండి.